కుందేలు తలకాయ వాటా

మా తోటలో నేను బల్లెంతో పొడిచి చంపిన అడవిపంది గురించి ఈ చుట్టుపక్కల వినని మనిషి లేడు. టీ కొట్టు దగ్గర చెప్పాను, పెళ్ళి భోజనాల్లో చెప్పాను, బాపులపాడు వెళ్ళే బస్సులో పక్క సీటాయనకి చెప్పాను. చెప్పినప్పుడల్లా ఆ పంది కాస్త పెరిగింది. మొదట్లో మేకపోతంత ఉండేది. తర్వాత దూడంత అయింది. ఒకసారి ఎవరో కుర్రాడు ఫోనుతో వీడియో తీస్తుంటే ఎద్దంత అయి కూర్చుంది, కోరలు నా మోచేతి పొడుగు వచ్చాయి.

ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కాబట్టి మళ్ళీ మేకపోతు దగ్గరికి దిగాలి. నేను దాన్ని పొడవలేదు. పెద్దరసాల మామిడి చెట్టు కింద రాలిన పళ్ళు తినడానికొచ్చి, మా కుక్క అరుపుకి బెదిరి, గట్టు లేని మా పాత బావిలో పడింది. పొద్దున్నే చూసి నేను ఏడ్చిన మాట నిజం. ఏడ్చింది బావిలో ఉన్న మోటారు ఏమైందోనని. పందిని పైకి లాగింది, కోసింది, వాటాలు వేసింది మా బావమరిది. బల్లెం మాత్రం నాదే. ఇప్పటికీ పాక చూరులో ఉంది. దాని కర్రకి చిక్కం కట్టి మామిడికాయలు కోసేవాళ్ళం.

పంది సంగతి ముందే ఒప్పేసుకోవడానికి కారణం ఉంది. చెప్పబోయేది కుందేలు సంగతి, అందులో నన్ను నమ్మాలి మీరు. ఈ వేసవి మొదట్లో మా ఆవిడ నన్ను కుందేలు కూర అడిగింది. అడిగేనాటికి ఆమె సరిగా అన్నం తిని చాలా రోజులైంది. టైఫాయిడ్ వచ్చి తగ్గింది గానీ, పోతూ పోతూ ఆమె నోటి రుచి పట్టుకుపోయింది. ఏం పెట్టినా "మట్టి" అనేది. ఇడ్లీ మట్టి, పప్పన్నం మట్టి, కొబ్బరినీళ్ళు బురదనీళ్ళు. ఆస్పత్రిలో డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి, "జ్వరం పోయింది, ఇక మందులు చేసేదేం లేదు. తిండి వెళ్ళాలి. వెళ్ళకపోతే ఈ వయసులో మనిషి నిలవదు" అంది. బయటికొచ్చాక మా ఆవిడ "ఏమందయ్యా?" అని అడిగింది. "గుర్రంలా ఉన్నావంది" అన్నాను. ఆమె నన్ను ఓసారి ఎగాదిగా చూసింది. నేను ఎప్పుడు ఎంత కలిపి చెప్తానో తెలిసిన మనిషి.

మా ఊరు నూజివీడుకి దగ్గరే. మాకున్నది రెండెకరాల మామిడి తోట. దాని వెనక గుట్ట, గుట్ట వెనక చిట్టడవి. ఎండలు ముదిరి పైన నీళ్ళు ఇంకిపోయాక అక్కడున్నవన్నీ ఒక్కొక్కటే కిందికి దిగేవి. రాలిన పళ్ళకి పందులొచ్చేవి. చెట్ల మొదళ్ళు గీరడానికి ముళ్ళపంది వచ్చేది. సాళ్ళ మధ్య వేసిన అలసందలకీ, కొత్తగా నాటిన అంటుమొక్కల బెరడుకీ కుందేళ్ళు వచ్చేవి. కౌజుపిట్టలు, ఉడుములు సరేసరి. వీటిలో నేను ఏది తిన్నానో చెప్పడం కంటే ఏది తినలేదో చెప్పడం తేలిక. నక్కని తినలేదు. పులిని తిన్నానని ఒకసారి మా మనవరాలికి చెప్పాను. అది వెళ్ళి స్కూల్లో చెప్పింది. వాళ్ళ టీచరు ఇంటికి ఫోను చేసింది.

కౌజుపిట్ట ఎముకతో సహా నమిలేసే తిండి. మామిడిపళ్ళ కాలంలో అడవిపంది మాంసం తియ్యగా ఉంటుందని అందరితో అంటుంటాను. నిజంగా ఉంటుందో, మా నాన్న అలా అనడం వల్ల నా నాలుకకి అలా అనిపించేదో ఇప్పుడు తేల్చలేను. కుందేలు మాత్రం వేరు. కొవ్వుండదు. ఉత్తగా వండితే పీచుగా, పొడిగా ఉంటుంది, గడ్డివాసన వేస్తుంది. అందుకని అందులో టెంక పట్టని లేత నాటు మామిడికాయ తొక్కతో సహా ముక్కలు కోసి వేసేవాళ్ళం. ఆ పులుపులో ఉడికి ఉడికి మాంసం ఎముకని వదిలేది.

ఈ కూరకి మా వైపు రెండు పద్ధతులుండేవి. ఒకటి వాటాల పద్ధతి. ఉచ్చు వేసి పట్టినవాడికి తలకాయ. ఎవరి తోటలో పడితే ఆ తోటవాళ్ళకి వెనక తొడ. తోడొచ్చిన వాళ్ళకి మిగతాది. తలకాయలో తినడానికి ఏముంటుంది గనక, అయినా దాని కోసం మగాళ్ళు మాటామాటా అనుకునేవాళ్ళు. కూర వడ్డించేటప్పుడు ముందు తలకాయ తీసి పట్టినవాడి ఆకులో వెయ్యాలి. అది పడ్డాకే మిగతావాళ్ళు చెయ్యి పెట్టాలి. ఎవరు పట్టారో అందరికీ తెలియడానికి అదే గుర్తు.

రెండో పద్ధతి, అడవి మాంసం ఇంటి గడప దాటకూడదు. తోటలోనే మూడు రాళ్ళ పొయ్యి, తోటలోనే ఒక మట్టి సట్టి. ఆ సట్టిని ఇంట్లోకి రానిచ్చేవాళ్ళు కాదు. కూర వండేది మగవాళ్ళు. ఆడవాళ్ళు ఇంటి దగ్గర అన్నం వండి, గిన్నె నెత్తిన పెట్టుకుని తోటకి తెచ్చేవాళ్ళు. ఎందుకలా అని మా అమ్మని అడిగితే "ఇంటి పొయ్యికి పడదు" అంది. పొయ్యికి ఏది పడుతుందో ఏది పడదో పొయ్యి ఎప్పుడు చెప్పిందో నాకు తెలియదు.

మా ఆవిడది ఉంగుటూరు వైపు. అంతా వరిపొలాలు, కాలవలు. చేప పేరు చెప్తే లేచి కూర్చునే మనుషులు, గుట్ట దిగొచ్చినవాటిని తింటామంటే ముక్కు మూసుకున్నారు. కాపురానికొచ్చిన ఏడాది వేసవిలో మా ఆవిడ అన్నం గిన్నె దించి, మా నాన్న ఎదురుగా ఉన్నాడని కొత్తకోడలు కదా, చెట్టు మొదలు వైపు తిరిగి, మాకు వీపు పెట్టి కూర్చుంది. వద్దు వద్దంటూనే ఆకు ముందుకి జరిపింది. నేను వెనక నుంచి చూస్తున్నాను. చెయ్యి నోటి దాకా వెళ్ళింది. ఆగింది. మళ్ళీ ఆకులోకి దిగింది. మళ్ళీ లేచింది. ఆ తర్వాత దిగడం లేవడం తప్ప ఆగడం లేదు. ఎన్నో ఏళ్ళు అలాగే తిన్నది. మా నాన్న పోయాక కూడా వీపు పెట్టే కూర్చునేది.

తర్వాత ఆ సట్టి బోర్లా పడింది. అడవి జంతువుని చంపితే కేసు అన్న సంగతి ఎప్పటినుంచో ఉన్నా మా ఊరి దాకా నడిచి రావడానికి టైము పట్టింది. వచ్చాక మంచిదే అయింది. ఎందుకంటే మేము తిన్నన్నాళ్ళూ ఒక లెక్క చెప్పుకున్నాం. అది మా కాయ తిన్నది, కాబట్టి దాన్ని మేము తిన్నాం, చెల్లుకి చెల్లు. మా తాత నాటికి ఈ తోట సగం గుట్టే. చెట్లు నరికి మామిడి పెట్టింది మేము. కుందేలు నడిచే దారి మీద అంటుమొక్క నాటి, "నా మొక్క కొరికింది" అని ఉచ్చు వేసింది మేము. పొద్దున్నే తోటలో ఒక్కణ్ణే కూర్చుంటే ఇలాంటి ఆలోచనలు వస్తాయి. ఆకలి వేసే వయసులో ఒక్కటీ రాలేదు.

సరే, అడిగిన రోజు. కోడలు జావ గ్లాసు పట్టుకుని మంచం పక్కన నిలబడి బతిమాలుతోంది.

"రెండు గుక్కలే అత్తయ్యగారూ. రెండంటే రెండు."

"నాకొద్దమ్మా. నువ్వు తాగు, ఎండిపోతన్నావు."

"పోనీ ఏం తినాలనుందో చెప్పండి. ఏదైనా చేసి పెడతా."

మా ఆవిడ ఫ్యాను వైపు చూసింది. ఇక చెప్పదనుకున్నాం. అప్పుడు నా వైపు తిరిగింది.

"తోటలో వండేవాళ్ళు చూడు, కుందేలు. పుల్లకాయేసి. అది తినాలనుంది."

కోడలు గ్లాసు స్టూలు మీద పెట్టేసింది. "అమ్మో, కుందేలే! కేసవుద్ది మామయ్యగారూ. నెమలిని వండుకున్నాడని ఎవర్నో పట్టుకెళ్తుంటే టీవీలో చూపించారు."

"నెమలి వేరు, కుందేలు వేరు" అన్నాను.

"జైలు ఒకటే కదండీ."

మా ఆవిడ మా ఇద్దరి మాటా వినడం లేదు. గాజులు సర్దుకుంటోంది. చెయ్యి ఎంత సన్నబడిందంటే, గాజులు జారి పడిపోకుండా వాటికి దారం చుట్టుకుంది. ఆ దారం చూశాక నా నోరు నా మాట వినలేదు.

"రేపు మధ్యాహ్నానికి సట్టి పొయ్యి మీద ఉంటది" అన్నాను. "ఒకటేం ఖర్మ, రెండు తెస్తా."

"రెండొద్దులే" అంది కళ్ళు మూసుకుని. "ఒకటి దొరికితే చాలు, నీ చేతికి."

మా బావమరిది ఇల్లు మా వీధి చివర. మా ఆవిడకి తమ్ముడు. అక్క వెనకాలే ఈ ఊరొచ్చి తోటల్లో పని చేసుకుంటూ ఇక్కడే స్థిరపడ్డాడు. నేను నలుగురిలో వేట కథలు చెప్తుంటే వాడు పక్కనే నేల చూపులు చూస్తూ చుట్ట కాల్చుకుంటాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నలుగురిలో నన్ను కాదనలేదు. ఇద్దరమే ఉన్నప్పుడు మాత్రం వదలడు.

"కుందేలా? అసలు కుందేలెట్టుంటదో గుర్తుందా బావా నీకు?"

"ఒరేయ్, ఈ తోటలో నేను పట్టిన కుందేళ్ళన్నీ వరసగా నిలబెడితే..."

"నేను పట్టినయ్యి."

"సరే, మనం పట్టినయ్యి."

"నేను పట్టినయ్యి బావా. నువ్వు కాయలు కోశావు."

ఇది కాస్త నొప్పిగానే ఉన్నా నిజం. ఉచ్చు వెయ్యడం నాకు ఎన్నడూ రాలేదు. ముడి బిగించబోతే నా వేలే బిగుసుకునేది. వేటలో నా పని పొయ్యి రాజెయ్యడం, కాయలు కొయ్యడం, కూర వండటం. కూర బాగా వండేవాణ్ణి, ఇందులో కలిపింది ఏమీ లేదు. కానీ మీసాలొచ్చిన మగాడు వేటకెళ్ళి గరిటె తిప్పాడని ఎవరితో చెప్పుకుంటాడు? అందుకే నా కథల్లో నేను ఎప్పుడూ బల్లెం పట్టుకునే ఉంటాను.

"అక్కే అడిగిందా? తన నోటితో?" అన్నాడు వాడు.

"తన నోటితోనే."

వాడు చుట్ట గోడకి నలిపి, లోపలికెళ్ళి ఉచ్చుకని సన్నతీగ చుట్ట తెచ్చాడు. "ఇది తప్పుపని బావా. తెలుసుగా."

"తెలుసు."

"ఎవరన్నా వస్తే మాట్లాడేది నువ్వే."

"పులిని తిన్నవాణ్ణి. ఈ మాత్రం చెప్పలేనా?"

వాడు నవ్వలేదు. తోటలోకెళ్ళాం. కాపు మొత్తం పూత మీదే షావుకారుకి అమ్మేశాం గనక తోటలో చెట్లకున్న కాయ మీద మాకు హక్కు లేదు. ఇంటి వాడకానికని పాక పక్కన ఒక్క నాటు చెట్టు అట్టిపెట్టుకున్నాం. దాని దగ్గరే కొత్త అంటుమొక్కల వరస. రెండు మొక్కలకి బెరడు తాజాగా కొరికి ఉంది. వాడు అక్కడ ఉచ్చు వేశాడు. నేను పక్కన నిలబడి సలహాలు చెప్పాను, వాడు వినలేదు.

మర్నాడు తెల్లవారుతుండగా వెళ్ళాం. ఉచ్చు ఖాళీగా ఉంది. ఉచ్చు పక్కనే, దానికేమీ సంబంధం లేనట్టు, కుందేలు కూర్చుని మూడో మొక్క బెరడు కొరుకుతోంది. చేతికర్ర విసిరితే తగిలే దూరం. గాలి మా వైపు వీస్తోంది, మా వాసన దానికి అందలేదు. నేను కర్ర ఎత్తాను. అది తల తిప్పి నన్ను చూసింది. ఆ కళ్ళలో నేనేదో చూశాను. ఇన్నేళ్ళుగా ఈ సట్టిలో ఉడికిన ప్రాణాలన్నీ ఆ చూపులోంచి నన్ను పలకరించినట్టనిపించి, నా చెయ్యి దానంతటదే కిందికి దిగిపోయింది.

పైన రాసింది చదివితే నాకే కళ్ళు చెమ్మగిల్లాయి. కానీ అలా జరగలేదు. కర్ర ఎత్తాను, విసిరాను. విసరడానికి ముందుకి వంగగానే మోకాలు పట్టు తప్పింది. కర్ర గాల్లో గిరగిరా తిరిగి మా బావమరిది డొక్కలో తగిలింది. వాడు "అమ్మా" అని కూలబడ్డాడు. కుందేలు హడావుడేమీ పడకుండా రెండు గెంతులు వేసి, ఆగి, వెనక్కి చూసి, గుట్ట వైపు వెళ్ళిపోయింది.

"పట్టావు బావా" అన్నాడు వాడు డొక్క పట్టుకుని. "ఇన్నేళ్ళకి తలకాయ వాటా నీదే. కానియ్, కోసుకో నన్ను."

నాకు నవ్వు రాలేదు. నాటు చెట్టు మొదట్లో కూర్చుండిపోయాను. పొద్దు గుట్ట మీంచి పైకొస్తోంది. మధ్యాహ్నానికి సట్టి పొయ్యి మీద ఉంటుందని చెప్పి వచ్చాను. నా కథలన్నిటికీ ఇన్నేళ్ళూ ఆమె "ఊ" కొట్టింది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కటి, కథ కాకుండా నిజంగా తెమ్మంది. లేదని చెప్తే పోనీలే అంటుంది. అని గోడ వైపు తిరిగి పడుకుంటుంది. ఆ తర్వాత ఇక ఏమీ అడగదు. నాకు భయమేసింది అలా ఏమీ అడగకపోతుందనే.

"మా ఇంట్లో పుంజుంది బావా" అన్నాడు వాడు మెల్లగా.

"పుంజేంటిరా?"

"ముసల్ది. మాంసం ముదిరి నల్లగా ఉంటది. పుల్లకాయేసి, పొగబెట్టి సట్టిలో వండితే ఎవరు పోలుస్తారు? పాపం, అక్క నోటికి ఇప్పుడు రుచేం తెలుస్తది?"

ఆ చివరి మాట మా ఇద్దరికీ గుచ్చుకుంది. తర్వాత నేను కాయలు కొయ్యడానికి లేచాను, వాడు పుంజు కోసం వెళ్ళాడు.

తెచ్చాక ఒక పెద్ద కుట్రకి కూర్చున్నట్టు కూర్చున్నాం. "తోలుతో సహా ఒలిచేయ్" అన్నాను. "మెడ తీసేయ్. రెక్కలు తీసేయ్. కాళ్ళ గోళ్ళ జాడ కూడా ఉండకూడదు."

"అన్నీ తీసేస్తే దాని కూతొక్కటే మిగులుద్ది బావా."

ఛాతీ ఎముక కూడా గుర్తుపట్టకుండా చిన్నచిన్నగా కొట్టాడు. సట్టి పాకలో మూల బోర్లా ఉంది. తిప్పితే కిందనుంచి తేలు పరిగెత్తింది. (రెండు తేళ్ళని చెప్దామనుకున్నాను, ఒకటే.) ఇసకతో తోమి, నీళ్ళు కాచి పారబోసి, పొయ్యి మీద పెట్టాను. ఎండు మామిడాకులు, పుల్లలు. నూనె కాగగానే వెల్లుల్లి, ఎండుమిరపకాయలు, దంచిన ధనియాలు. మూత పెట్టి తడిపిన పుల్లలు ఎగదోస్తే పొగ సట్టి చుట్టూ తిరిగింది. ఎన్నాళ్ళో అయింది, అయినా చెయ్యి మర్చిపోలేదు. నాటుకాయ తొక్కతో ముక్కలు కోసి వేశాను. ఇంకో కాయ వేశాను. భయంలో ఇంకోటి కూడా.

మధ్యాహ్నం కాకుండానే ఆటో వచ్చింది. కోడలు ఒక చేత్తో అన్నం గిన్నె, ఒక చేత్తో అత్తగారిని పట్టుకుని దింపింది. తోటలోకి వస్తూనే నాలుగు దిక్కులూ చూసింది, ఏ పొదలోనన్నా యూనిఫాం ఉందేమోనని. మా ఆవిడ నాటు చెట్టు దగ్గరికి తనంతట తనే నడిచింది. దిండు వేశాం. కూర్చుంది. మాకు వీపు పెట్టి.

"అటు తిరిగారేంటి అత్తయ్యగారూ?" అంది కోడలు.

"మీ తాతమామగారు అక్కడ కూర్చునేవారమ్మా" అంది ఆవిడ, ఎవరూ లేని చోటు చూపిస్తూ.

అన్నం పెట్టి, కూర వేసి, ఆకు ముందుకి జరిపాను. వెనక్కొచ్చి పొయ్యి దగ్గర నిలబడ్డాను. మా బావమరిది చుట్ట వెలిగించుకోవడం కూడా మానేశాడు. ఆమె వీపు మాత్రమే కనిపిస్తోంది, మోచెయ్యి, దారం చుట్టిన గాజులు. చెయ్యి పైకి లేచింది. ఆగింది. నోట్లోకెళ్ళింది. చాలాసేపు నమిలింది. మట్టి అంటుందని ఎదురుచూస్తున్నాను. మట్టి అంటే ఏం చెయ్యాలో నాకు తెలియదు.

"పులుపెక్కువైంది" అంది.

నేనూ మా బావమరిదీ ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకున్నాం.

"ఏంటి?"

"కాయ ఎక్కువేశావయ్యా. ఎప్పుడూ నీకదే బుద్ధి, చేతికెంతొస్తే అంత వేసెయ్యడం. ఉప్పు కూడా చూడలేదు."

కోడలు నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. నేను ఆ క్షణంలో ఏం చెయ్యాలో అది చెయ్యలేదు. ఆనందం పట్టలేక కథ ఎత్తుకున్నాను. తెల్లవారుజామున కుందేలు ఎంత ఉందో, దూడంత, అది ఎలా మీదికి దూకిందో, నేను కర్ర ఎలా విసిరానో, గురి ఎలా కుదిరిందో. మా బావమరిది డొక్క తడుముకుంటూ తల ఊపుతున్నాడు. ఆవిడ వింటూనే రెండో ముద్ద కలిపింది. తిన్నది. మూడోది కలుపుతూ, వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"తలకాయేదీ?"

"ఆఁ?"

"నువ్వే పట్టావుగా. తలకాయ నీ ఆకులో పడాలిగా. ఏదీ?"

కుందేలులా కనిపించాలని కోడిని మెడ దగ్గర్నుంచి గోళ్ళ దాకా మాయం చేసిన మేము, కుందేలుకి తలకాయ ఉండాలన్న సంగతే మర్చిపోయాం. అందులోనూ ఆ వాటాల మధ్య జీవితమంతా గడిపినవాళ్ళం.

"కుక్కెత్తుకుపోయిందక్కా" అన్నాడు వాడు.

"షావుకారుకి పంపించాం" అన్నాను నేను, సరిగ్గా అదే సమయానికి.

గుట్ట మీద ఏదో పిట్ట అరిచింది. ఆవిడ వీపు కదలడం మొదలుపెట్టింది. ఏడుస్తోందేమోనని పరుగున ముందుకెళ్ళాను. నవ్వుతోంది. నవ్వడానికి ఓపిక లేక, ఒక చెయ్యి నేలకి ఆనించి, చప్పుడు లేకుండా నవ్వుతోంది.

"కోడికి తలకాయ లేకపోవడమేంట్రా, ఇద్దరు ముసలోళ్ళు కలిసి" అంది తమ్ముడితో.

"కోడేనా?" అంది కోడలు. "అమ్మయ్య!"

నేను ఆమె ఎదురుగా కూర్చున్నాను. ఇన్నేళ్ళలో ఆ చెట్టు కింద ఆమె ఎదురుగా కూర్చోవడం అదే మొదటిసారి అనుకుంటాను. మోకాలి సంగతి, కర్ర సంగతి, డొక్క సంగతి అన్నీ చెప్పేశాను. ఏమీ కలపలేదు.

"కోపమొచ్చిందా? కుందేలు అడిగితే..."

"కుందేలెవరికి కావాలయ్యా?" అంది. "ఆ పీచు మాంసం నాకెప్పుడూ పడలేదు. ఈ ఊరొచ్చాక నేను వండకుండా నేను తిన్న కూరంటే ఇదొక్కటే. తోటకెళ్దాం, వండిపెట్టు అంటే లేస్తావా నువ్వు? వేటంటే లేస్తావని అడిగా."

నా వెనక నుంచి మా బావమరిది చుట్ట వెలిగించుకున్న చప్పుడు వినిపించింది.

ఆ రోజు ఆమె ఆకు ఖాళీ చేసి, మారు అన్నం పెట్టించుకుని, సట్టి అడుగు కూడా గీకించుకుందని ఊళ్ళో అందరికీ చెప్పాను. డాక్టరమ్మకి కూడా అలాగే చెప్పాను. ఆమె తిన్నది నాలుగు ముద్దలు. ముద్దలు కూడా చిన్నవే. నాలుగోది తింటూ మధ్యలో ఆగి గాలి పీల్చుకుంది. ఆటో ఎక్కేటప్పుడు నా భుజం పట్టుకుని, మెట్టు మీద ఒక్క క్షణం నిలబడి, అన్నది మాత్రం నేను పెంచింది కాదు.

"రేపు కాయ రెండు ముక్కలు తగ్గించి వెయ్యి."

ఇప్పుడు రోజూ పొద్దున్నే సట్టి కడుగుతున్నాను. ఒకరోజు వంకాయ, ఒకరోజు చేప, ఒకరోజు ఉత్త పప్పు. కుందేలు మళ్ళీ వస్తోంది, నాలుగో అంటుమొక్క బెరడు కొరికింది. మిగిలిన మొక్కల మొదళ్ళకి గోనెపట్టా చుట్టాను. తీగ చుట్ట మా బావమరిది తీసుకెళ్ళిపోయాడు. ఆవిడ ఇంకా వీపు పెట్టే కూర్చుంటుంది. రోజూ ఏదో ఒక వంక పెడుతుంది. నిన్న కారం చాలలేదట.